రిపోర్టులో టియర్ (చిరుగు) అని ఉంటే చెయ్యి పోయినట్టు కాదమ్మా

బుజ్జమ్మా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎంఆర్‌ఐ రిపోర్టు పక్కింటి అబ్బాయితో చదివించుకుని, బీరువాలోంచి నా పాత రిపోర్టు కూడా తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశా. ఇద్దరికీ ఒకటే చోటు. సుప్రాస్పైనేటస్ అని భుజం పైన ఉండే కండ, దాన్ని జబ్బ ఎముకకు పట్టి ఉంచే టెండన్ నీకు కొంతవరకే చిరిగింది, నాకు అంతకన్నా ఎక్కువే చిరిగింది. "చెయ్యి పోతుందా నాయనా" అని నువ్వు అడిగినప్పటి నుంచి నాకు కుదురు లేదు. పోదమ్మా. ఫోన్లో చెబితే పిల్లల గోలలో సగం వినపడదని కూర్చుని రాస్తున్నా.

కొండపి దగ్గర పొగాకు ఆరబెట్టే మన బ్యారన్‌లో ముప్పయ్యేళ్ళు ఆకు కట్టిన కర్రల్ని తల పైకెత్తి పై వరసలకు అందించిన భుజం నాది. ఒక ఏడాది సీజన్ అయ్యేసరికి చొక్కా తొడుక్కోవాలంటే మీ అమ్మ సాయం పట్టాల్సి వచ్చింది. చెయ్యి పక్కకి ఎత్తితే కొంతదూరం బాగానే వచ్చేది, భుజం ఎత్తుకు వచ్చేసరికి పొడిచినట్టు ఉండేది, అది దాటితే మళ్ళీ తగ్గేది. రాత్రి ఆ పక్కకి తిరిగితే లేచి కూర్చోవాల్సిందే. ఊళ్ళో అందరూ నరం పట్టేసింది అన్నారు. నరం కాదు, కండని ఎముకకు కట్టిపెట్టే తాడులాంటిది, అది నలిగి పోగులు లేచింది.

అప్పుడు నేను చేసిన తప్పు నువ్వు చెయ్యొద్దు. నొప్పిగా ఉందని తువ్వాలుతో చేతిని పొట్టకి కట్టుకుని నెల రోజులు కదపలేదు. చుట్టాలు పుత్తూరు కట్టు కట్టించుకోమని కూడా పోరారు. విరిగిన ఎముక కదలకుండా ఉంటే అతుక్కుంటుంది, మన భుజానికి మాత్రం అట్లా కదలకుండా ఉంచడమే ముప్పు. నెల తిరిగేసరికి కీలు బిగుసుకుపోయింది. నాకు షుగర్ కూడా ఉంది కదా, షుగర్ ఉన్నవాళ్ళకి భుజం తొందరగా బిగుస్తుందట. చిరుగుడు కంటే ఆ బిగుతు విప్పడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

ఒంగోలులో ఫిజియో అమ్మాయి మొదటిరోజే ఒక మాట చెప్పింది. చిరిగింది మళ్ళీ అతుక్కోకపోవచ్చు, కానీ దాని చుట్టూ ఇంకో మూడు కండలు ఉన్నాయి, వెనక రెక్క ఎముకను నడిపే కండలు ఉన్నాయి, వాటికి బలం వస్తే బరువు అవి పంచుకుంటాయి, నొప్పి తగ్గుతుంది అని. అరవై దాటినవాళ్ళని స్కాన్ చేస్తే ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా చాలామందికి ఇట్లాంటి చిరుగులు కనిపిస్తాయట. అమెరికాలో దెబ్బ తగలకుండానే టెండన్ పూర్తిగా తెగిన నాలుగొందల మందికి పైగా వ్యాయామాలు చేయించి చూశారని, రెండేళ్ళ తర్వాత కూడా నూటికి డెబ్బై అయిదు మంది దాకా ఆపరేషన్ జోలికి పోలేదని, 2013లో అచ్చయిన ఆ పరిశీలన గురించి కూడా తనే చెప్పింది. వాళ్ళవి పూర్తిగా తెగినవి, నీది సగం కూడా కాదు. వచ్చే వారమే కోసేద్దాం అని నీకు చెప్పినవాళ్ళు ఈ సంగతి ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు. ఇంకో డాక్టర్‌కి కూడా చూపించు, తొందరేమీ లేదు.

వ్యాయామం అంటే జిమ్ కాదమ్మా. మొదటి వారాల్లో ముందుకు వంగి, మంచి చేతిని బల్లకి ఆనించి, నొప్పి చెయ్యిని బావిలో చేద వేలాడినట్టు వదిలేసి మెల్లగా ఊపాలి. తర్వాత గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పాకుతూ పైకి ఎక్కాలి. వసారా గోడ మీద వారానికోసారి బొగ్గుతో గీత పెట్టి పక్కన తేదీ వేసుకునేవాడిని. మొదటి మూడు గీతల మధ్య వేలెడు దూరం కూడా లేదు. అప్పుడే విసుగొచ్చి మానేద్దాం అనిపించింది, మీ అమ్మ మాననివ్వలేదు. ఆరో వారం నుంచి గీతలు జానెడేసి జరిగాయి.

ఆ తర్వాత రబ్బరు బ్యాండ్. దీంట్లో ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో. చిన్న తువ్వాలు చుట్టి మోచేతికీ పక్కటెముకలకీ మధ్య పెట్టుకుని, మోచెయ్యి మడిచి, బ్యాండ్‌ని లాగుతూ ముంజేతిని మాత్రం బయటికి తిప్పాలి. తువ్వాలు కింద పడిందంటే తప్పు చేస్తున్నట్టే. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి అది పాత స్థితికి రావాలి, రాకపోతే తగ్గించి చెయ్యి. కనీసం పన్నెండు వారాలు ఇవ్వు. మిషన్లు పెట్టి పడుకోబెట్టే చోట్లకి డబ్బులు తగలెయ్యొద్దు, నీ చేత చేయించేవాళ్ళే కావాలి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి అడిగావు. నేను ఒకటి వేయించుకున్నా. నిద్రే పట్టకపోతుంటే, నొప్పికి వ్యాయామం అసలు చెయ్యలేకపోతుంటే అది మేలే చేస్తుంది, కొన్ని వారాలు వెసులుబాటు ఇస్తుంది, ఆ వెసులుబాటులోనే వ్యాయామం మొదలుపెట్టెయ్యాలి. అది చిరుగుని అతికించదు. మాటిమాటికీ వేయించుకుంటే టెండన్ ఇంకా బలహీనం అవుతుంది. నాకు నాలుగు రోజులు షుగర్ బాగా పెరిగింది, నీకు ఆ బాధ లేదులే. నొప్పి బిళ్ళలు మాత్రం ఖాళీ కడుపుతో వేసుకోకు, నెలల తరబడి అసలే వద్దు, కిడ్నీలకి చేటు. మన రక్తమే తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని వేరు చేసి భుజంలోకి ఎక్కించే పీఆర్‌పీ కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు, దానికోసం అప్పు మాత్రం చెయ్యకు.

ఆపరేషన్ ఎప్పుడూ వద్దని అనను. మన వీధిలో ఒకతను బండి మీద నుంచి పడ్డాడు, ఆ రోజు నుంచే చెయ్యి పైకి లేవలేదు, ఆర్నెల్లు నూనెలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆలోగా తెగిన టెండన్ వెనక్కి లాక్కుపోయి కండ కరిగిపోయింది. అట్లా దెబ్బతో ఒక్కసారిగా తెగినప్పుడు వెంటనే సర్జన్ దగ్గరికి పోవాలి. నీకూ చెయ్యి బలం తగ్గుతూ వస్తుంటే ఆగొద్దు, మళ్ళీ చూపించాలి.

బడిలో బోర్డు పైభాగాన రాయడం ఆపెయ్, చిన్న పీట వేయించుకో. చంటిదాన్ని ఆ చేత్తో ఎత్తుకోకు, కూర్చుంటే అదే ఒళ్ళోకి వస్తుంది. రాత్రి వెల్లకిలా పడుకుని మోచేతి కింద మడిచిన దుప్పటి పెట్టుకో.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి, తువ్వాలు పెట్టి చేసి చూపించు, మోచెయ్యి పక్కకి పోతుందేమో నేను చూస్తా. మీ అమ్మ ఆవకాయ జాడీ కట్టింది, రేపు ఒంగోలులో బెంగుళూరు బస్సుకి వేస్తా. బరువుగా ఉంది, అల్లుడుగారిని వెళ్ళి దించుకోమను, నువ్వు ముట్టుకోకు.

మీ నాయన