పెద్ద శబ్దం ఎక్కడొస్తుందో టికెట్‌తోపాటే చెప్పాలి

సంపాదకులు గారికి,

పాశ్చాత్య సంగీత ఆర్కెస్ట్రా కచేరీకి టికెట్లు అమ్మేటప్పుడు కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించేవారు) ఎవరో, ఏ కృతులు వాయిస్తారో, విరామం ఎంతసేపో అన్నీ చెబుతారు. ఉన్నట్టుండి పెద్ద శబ్దం ఎక్కడ వస్తుందో మాత్రం చెప్పరు. హైపర్‌అక్యూసిస్ (మామూలు శబ్దాలు కూడా భరించలేనంత పెద్దగా వినిపించే సమస్య), మైగ్రేన్, ఆటిజం, చెవిలో ఎడతెగని హోరు ఉన్న శ్రోతలకు ముందుగా కావలసింది ఆ సమాచారమే. అది లేక, సంగీతం మీద ఎంత ఇష్టమున్నా హాలు మెట్లెక్కని వాళ్లు ఎందరో ఉన్నారు.

ఇలాంటి శ్రోతల కోసం 'మృదువైన' కృతులతో ప్రత్యేక కార్యక్రమం పెడితే చాలని కొందరు నిర్వాహకులు అనుకుంటారు. ఉద్దేశం మంచిదే. అయితే నెమ్మదిగా నడిచే కృతి అంతా తక్కువ ధ్వనితోనే ఉంటుందన్న నమ్మకం లేదు. స్వరకర్త హైడన్ 94వ సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద కృతి) రెండో భాగాన్నే చూడండి. మొదటి 8 బార్లు (తాళం లెక్కలో చిన్న విభాగాలు) తక్కువ ధ్వనితో సాగుతాయి, అవే మళ్లీ ఇంకా తక్కువ ధ్వనితో వస్తాయి. 16వ బార్‌లో టింపనీ (పెద్ద డ్రమ్ములు)తో సహా ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా మోగుతుంది. అలాంటి ఒంటరి దెబ్బ ఆ భాగంలో మళ్లీ రాదు. కానీ ఆ సంగతి తెలియని మనిషి చివరిదాకా భుజాలు బిగబట్టుకునే కూర్చుంటాడు. చైకోవ్‌స్కీ 6వ సింఫనీ (1893) మొదటి భాగం ఇంకా కష్టం. క్లారినెట్ అనే ఊదే వాయిద్యం వదిలిన గీతాన్ని మంద్రంగా పలికే బసూన్ (చాలాచోట్ల బేస్ క్లారినెట్) అందుకుని, స్కోరులో (స్వరాలు రాసిన ప్రతిలో) ఆరు 'పి'లు రాసి ఉన్నంత తక్కువ ధ్వనికి దించుతుంది; ఒక్క 'పి' అంటేనే తక్కువ ధ్వని అని గుర్తు. ఆ స్వరం కోసం చెవులు రిక్కించి ఉండగా, తర్వాతి బార్‌లోనే ఆర్కెస్ట్రా మొత్తం విరుచుకుపడుతుంది.

రావెల్ 'బొలేరో' (1928) కూడా చివరికి హాలు దద్దరిల్లేలా మోగుతుంది. కానీ అక్కడికి చేరడానికి పావుగంట పడుతుంది కాబట్టి, ఇయర్‌ప్లగ్స్ ఎప్పుడు పెట్టుకోవాలో, ఎప్పుడు లేచి బయటికి వెళ్లాలో శ్రోత చేతిలో ఉంటుంది. హఠాత్తుగా వచ్చే దెబ్బకు ఆ వ్యవధి ఉండదు. పెద్ద శబ్దం వినగానే మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుని లోపలికి వెళ్లే ధ్వనిని కొంత తగ్గిస్తుంది. అయితే అది బిగుసుకునే లోపే డ్రమ్ దెబ్బ లోపలికి వెళ్లిపోతుంది.

అందుకే ప్రతి కార్యక్రమానికీ ఒక పేజీ ధ్వని పట్టిక ఇవ్వాలని మా కోరిక. స్కోరు చదవగలిగిన సహాయ కండక్టర్‌కో, ఆర్కెస్ట్రా లైబ్రేరియన్‌కో ఇది పెద్ద పని కాదు. దెబ్బ ఏ భాగంలో వస్తుంది, ఏ వాయిద్యాలది, ఎంతసేపు ఉంటుంది, దానికి సరిగ్గా ముందు ఏం వినిపిస్తుంది అన్నవి రాస్తే చాలు. ఆ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. 'తొమ్మిదో నిమిషంలో' అని గడియారం లెక్క ఒక్కటే ఇస్తే, కండక్టర్ ఎంచుకున్న వేగం కాస్త మారినా పట్టిక తప్పుతుంది. 'క్లారినెట్ ఒంటరిగా తగ్గుతూ వచ్చి ఆగగానే' అని రాస్తే ఎవరు నడిపించినా సరిపోతుంది. స్కోరులో లేనివీ చేర్చాలి: విరామంలో మోగించే గంట, మైకులో ప్రకటన, చప్పట్లు, ముందుగా చెప్పని ఎన్‌కోర్ (చివర్లో అదనంగా వాయించే కృతి). నిశ్శబ్దం మీద పక్క సీట్లోంచి పేలే చప్పట్లు కొందరికి ట్రంపెట్ల కన్నా బాధాకరం.

సీట్ల విషయంలో 'వెనక్కి వెళ్లి కూర్చోండి' అన్న సలహా సగమే పనికొస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ (ధ్వని తీవ్రత కొలమానం) తగ్గుతుంది. హాల్లో గోడలు, పైకప్పు తిప్పికొట్టే ధ్వని వల్ల కొంత దూరం దాటాక పెద్దగా తగ్గదు. వేదిక వెనక సీట్లు టింపనీకి దగ్గర, పైగా హార్న్‌ల నోళ్లు అటువైపే ఉంటాయి. ట్రంపెట్లు, ట్రాంబోన్లు గురిపెట్టే దిశకు పక్కగా, నడవా అంచున, తలుపుకు దగ్గరగా ఉన్న సీట్లు మేలు. వాటిని డాక్టర్ చీటీ అడగకుండా కేటాయించాలి, మధ్యలో వెళ్లి తిరిగి వచ్చేవాళ్లను ద్వారం దగ్గర ఆపకూడదు.

గుమ్మం దగ్గర స్పాంజి ఇయర్‌ప్లగ్స్ పంచి చేతులు దులుపుకోవడమూ సరికాదు. అవి పై స్థాయి (కీచు) ధ్వనులను ఎక్కువగా, కింది స్థాయి (మంద్ర) ధ్వనులను తక్కువగా అడ్డుకుంటాయి. వయొలిన్లు ముద్దగా వినిపించేసరికి విసుగొచ్చి తీసేస్తారు, సరిగ్గా అప్పుడే దెబ్బ పడుతుంది. అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గించే సంగీతకారుల ప్లగ్స్ 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లతో దొరుకుతాయి. అవైనా చెవిలో వదులుగా కూర్చుంటే ముందు డ్రమ్ మోతే లోపలికి వస్తుంది. ఇక రోజంతా ప్లగ్స్ పెట్టుకునే ఉంటే చెవి మరింత సున్నితమవుతుంది కనుక, గట్టి భాగాలకే వాడమని ఆడియాలజిస్టులు (వినికిడి నిపుణులు) చెబుతారు. ఎప్పుడు పెట్టుకోవాలో తెలియాలంటే మళ్లీ ఆ పట్టికే కావాలి.

'ఆర్కెస్ట్రా అంటే శబ్దం ఉండదా, భరించాలి గానీ' అనేవారికి ఒక్క మాట. వాయించేవాళ్లకే అది భరించరానిదైన సందర్భాలున్నాయి. 2012లో వాగ్నర్ ఒపెరా రిహార్సల్‌లో, వెనకున్న ట్రంపెట్ల మోతకు వినికిడి దెబ్బతిన్న వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాయిద్యం) వాద్యకారుడికి అనుకూలంగా 2018లో లండన్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ముందే చెబితే ఆశ్చర్యం పోతుందన్న అభ్యంతరమూ వినిపిస్తుంది. పట్టికను విడి కాగితంగా ఇస్తే సరిపోతుంది, అక్కర్లేనివాళ్లు చూడరు.

రేడియో, ఆన్‌లైన్ ప్రసారాలకూ ఇది వర్తిస్తుంది. తక్కువ ధ్వనితో సాగే ఆరంభం వినపడక వాల్యూమ్ పెంచినవాళ్లే తర్వాత దెబ్బతింటారు. ఇంట్లో రికార్డింగ్ వినేటప్పుడు పట్టిక చూసి, అన్నిటికన్నా గట్టి చోటును ముందు తగ్గించిన వాల్యూమ్‌లో పెట్టి, భరించగలిగే స్థాయి దొరికాక మొదటి నుంచి వినడం మంచిది.

ఒక కృతికి పట్టిక ఒకసారి తయారైతే, అదే స్కోరు వాయించే ప్రతి ఆర్కెస్ట్రాకూ పనికొస్తుంది. వచ్చే సీజన్ కార్యక్రమాలు ప్రకటించేటప్పుడే వాటిని ఒకరితో ఒకరు పంచుకోవాలని, టికెట్లు అమ్మే పేజీలోనే అందుబాటులో ఉంచాలని నిర్వాహకులను కోరుతున్నాం.

– సంగీతాభిమానులైన కొందరు పాఠకులు