'రాకాసి అల' అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మా షాపుకి 16 ఏళ్లుగా వస్తోంది. పొద్దున్నే షట్టర్ తీసి, మిషన్ తుడిచి, చాయ్ వచ్చేలోపు చదివేస్తాను. ఆ తర్వాత అదే కాగితం పరిచి బ్లౌజు కొలతలు గీసుకుంటాను. మొన్న అలా చేతి ముక్క గీయబోతుంటే కత్తెర కింద ఒక శీర్షిక కనబడింది. రాకాసి అల మింగేసిందని. హైదరాబాద్ నుంచి సరదాగా వెళ్లిన పిల్లలు, బీచ్, స్నానం, తర్వాతి సంగతి చదివే ముందే తెలిసిపోతుంది. ఏ నాలుగు రోజులు సెలవులొచ్చినా ఇలాంటి వార్త ఒకటి ఉంటుంది. ప్రతిసారీ నేరం అల మీదే.

నాకు ఆ మాట మీదే అభ్యంతరం. పోయిన ఆషాఢంలో నేనూ ఆ వార్తలో ఒక పేరయ్యేదాన్ని కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను. నాలుగు ముక్కలని మొదలెట్టి చాలా రాశాను. కత్తిరింపు మీకూ అలవాటే కదా, ఎక్కువైనచోట కత్తిరించండి.

మాది జనగామ దగ్గర పల్లె. మా అన్నలు నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని బావిలో ఈత నేర్చుకుంటే నేను గట్టు మీద వాళ్ల చొక్కాలకు కాపలా. ఆడపిల్ల బావిలో దూకడమేమిటని మా నాయనమ్మ ఒప్పుకోలేదు. 46వ ఏట షుగర్ వచ్చింది. డాక్టరు రోజూ నడవమన్నారు, మోకాళ్లు కుదరదన్నాయి. అప్పుడు మునిసిపల్ స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరాను. మూడు నెలలకు ఈ గోడ నుంచి ఆ గోడకు, రెండేళ్లు తిరిగేసరికి ఆగకుండా 20 సార్లు. ఇక నాకు ఈత వచ్చేసిందనుకున్నాను. గర్వం కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు.

మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడికి సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి అల మీద జారుతూ రావడం, పిచ్చి. "టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో కూడా ఉందమ్మా" అని నన్ను ఒప్పించాడు. దర్జీ పనిలో ఊపిరాడేవి ఏడాదికి రెండే సందర్భాలు: సంక్రాంతి బట్టలు ఇచ్చేశాక పుష్యంలో మిగిలిన రోజులు, పెళ్లిళ్లు ఉండని ఆషాఢం. మొదటిసారి పుష్యంలోనే వెళ్లాం. సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే విశాఖలో దిగి, స్టేషన్ దగ్గర 900కె బస్సు పట్టుకుంటే రుషికొండ.

రుషికొండే ఎందుకంటే అక్కడ తీరానికి వంపు ఉంది, పక్కన కొండ ఉంది. కొండ కొమ్మును చుట్టుకుని లోపలికి వచ్చేసరికి అలకు సగం ఊపు తగ్గుతుంది. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ కూడా. ఈదేచోట జెండాలు, ఈల పట్టుకుని లైఫ్‌గార్డులు ఉంటారు. ఎర్ర, పసుపు రెండు రంగుల జెండాలు రెండు పాతి ఉంటే ఆ రెంటి మధ్యే ఈదాలని, వట్టి ఎర్ర జెండా ఉంటే నీళ్లలో దిగొద్దని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. అంతకుముందు అవి ఏ పార్టీవో అనుకునేదాన్నేమో!

బట్టల సంగతి చెప్పకపోతే నా వృత్తి ఊరుకోదు. మన ఆడవాళ్లు చాలామంది కాటన్ చుడీదార్‌తో, చున్నీతో సహా సముద్రంలో దిగుతారు. తడిసిన కాటన్ ఎంత బరువో బకెట్‌లోంచి బెడ్‌షీట్ ఎత్తిన ఏ ఇల్లాలినైనా అడగండి. సల్వార్‌లోకి నీళ్లు, ఇసుక చేరి కాళ్లకు సంచులు కట్టినట్టుంటుంది. చున్నీ అయితే అలలో మెడకు చుట్టుకుంటుంది. నేను నైలాన్ లైక్రా తెచ్చి మోకాళ్ల కింది దాకా లెగ్గింగ్, నిండు చేతుల టాప్ కుట్టుకున్నాను. పూల్‌లో రెండేళ్లు ఏ బాధా లేదు. సముద్రంలో మొదటి రోజే చంకల కింద చర్మం దోక్కుపోయింది. చూస్తే తప్పు నాదే, ఓవర్‌లాక్ కుట్టు. ఆ అంచు లోపల ఉబ్బెత్తుగా ఉంటుంది. ఉప్పునీళ్లు, ఇసుక, బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోయడం, ఈ మూడూ కలిస్తే అది ఆకురాయిలా గీకుతుంది. సర్ఫింగ్ వాళ్ల టాపులు తిప్పి చూశాను. ఫ్లాట్‌లాక్ కుట్టు, లోపల వేలు పెట్టి తడిమినా అంచు తగలదు. మా షాపులో ఆ మిషన్ లేదు. తెలిసినవాళ్ల యూనిట్‌లో కుట్టించుకుని ఇప్పుడు మా బ్యాచ్ వాళ్లకు కూడా చేసిస్తున్నాను.

సర్ఫింగ్ పాఠం బాగా జరిగింది. నేర్చుకునేవాళ్లకిచ్చే బోర్డు మెత్తగా, ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవు ఉంటుంది. దాని తాడు చీలమండకు కట్టుకోవాలి, బోర్డు మన చేయి జారినా మనల్ని వదిలిపోకుండా. ముందుగా ఇసుకలోనే బోర్డు మీద బోర్లా పడుకుని లేవడం 20 సార్లు చేయించారు. ఆ తర్వాత నడుం లోతు నీళ్లలో, అప్పటికే విరిగి నురగగా వస్తున్న అలలో మన బోర్డును వెనక నుంచి తోసి "లేవండి!" అని అరుస్తారు. మరీ ముందుకు పడుకుంటే బోర్డు ముక్కు నీళ్లలో గుచ్చుకుని పల్టీ. మరీ వెనక్కి ఉంటే అల మన కిందనుంచి వెళ్లిపోతుంది, మనం అక్కడే. మా అబ్బాయి మూడో రోజుకి నిలబడ్డాడు. నేను మోకాళ్ల దాకా వచ్చాను. 49 ఏళ్ల మనిషిని రెండు మోకాళ్ల మీద సముద్రం ఒడ్డుకు తెచ్చి దించితే ఎలా ఉంటుందో, హుస్సేన్ సాగర్ గట్టున మొక్కజొన్న తింటూ గడిపే మనకు చెప్పినా తెలీదు. సాగరం అని పేరు పెట్టుకున్నాం గానీ అందులో కాలు పెడతామా!

ఆ ధైర్యంతోనే ఆషాఢంలో మళ్లీ వెళ్లాం. అదే బీచ్, అదే గది. తెల్లారి అయిదున్నరకు మెలకువ వచ్చింది. అబ్బాయి నిద్రపోతున్నాడు. లైఫ్‌గార్డులు రాకముందు, జెండాలు పాతకముందు నేనొక్కదాన్నే వెళ్లాను. ఇది ముమ్మాటికీ నా తెలివితక్కువ పనే, ఇంకెవరినీ అనను. పుష్యంలో మోకాలెత్తున వచ్చిన అలలు ఇప్పుడు ఛాతీ ఎత్తున విరుగుతున్నాయి. పడవలన్నీ ఇసుకలోనే ఉన్నాయి. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది కదా, మరి వేటకు ఎందుకు పోలేదని ఒక్క క్షణం ఆలోచిస్తే సరిపోయేది. ఆలోచించలేదు. రెండు వైపులా తెల్లగా నురగ, మధ్యలో ఓ 15 అడుగుల మేర నీళ్లు నల్లగా, నునుపుగా, అల లేకుండా కనబడ్డాయి. ఇక్కడైతే నెమ్మదిగా ఈదొచ్చని సరిగ్గా అక్కడే దిగాను.

నన్ను ఏ అలా కొట్టలేదు. ఎవరూ లాగినట్టు కూడా లేదు. నాలుగు బారలు వేసి వెనక్కి చూస్తే ఒడ్డు దూరంగా ఉంది. ఒడ్డున ఒక నీలం పడవ ఉంది, దాన్నే గురి పెట్టుకుని ఈదాను. పూల్‌లో అయితే 40 బారలకు గోడ వస్తుంది. ఇక్కడ 40 వేశాను, 60 వేశాను, పడవ పెద్దది కాలేదు. చిన్నదైంది. ఆ క్షణంలో నాకు వచ్చిన ఈత ఎంతో తెలిసిపోయింది. ఇంకా గట్టిగా వేశాను. చేతులు బరువెక్కాయి, నోట్లోకి నీళ్లు పోయాయి.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన లేచి నిలబడి రెండు చేతులూ భీమిలి వైపు ఊపుతూ అరవడం కనబడింది. అలల హోరులో మాట వినబడలేదు, చేతులే కనబడ్డాయి. అర్థమై కాదు, చేసేది లేక అటు తిరిగాను. ఒడ్డును వదిలేసి పక్కకి ఈదాను. 50 బారలు ఉంటాయేమో. అంతే, నీళ్ల బిగువు సడలింది. నురగ విరిగేచోటికి వచ్చాను. నేను భయపడిన ఆ అలలే వీపు మీద రెండు దెబ్బలు వేసి నన్ను ఇసుకలో పడేశాయి. మోకాళ్లు చెక్కుకుపోయాయి. ఆయన దగ్గరకు వచ్చి తిట్టిన తిట్టు ఇప్పటికీ గుర్తుంది: "తెల్లగా ఇరిగే కాడ మానేసి నల్లగా నునుపుగా ఉన్న కాడ దిగిపోతారేటమ్మా?"

అయ్యా, మీ విలేకరులు రాయాల్సిన వాక్యం అదీ. అలలు ఒడ్డుకు నెట్టిన నీళ్లన్నీ ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి. నీటి కిందున్న ఇసుక దిబ్బల మధ్య సందు దొరికితే అక్కడినుంచి కాలవలా లోపలికి పరుగెడతాయి. ఆ కాలవలో లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు, అందుకే పైకి ప్రశాంతంగా కనబడుతుంది. బలంగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్ల దాకా లాగుతుంది. దానికి ఎదురీది నెగ్గడం పతకాల ఈతగాళ్ల వల్ల కూడా కాదు. అది మనిషిని కిందికి ముంచదు, లోపలికి తీసుకుపోతుంది. ముంచేది మన అలుపు. చేయి పైకెత్తి, వెల్లకిలా తేలుతూ, పక్కకు జరగాలి. ఈ నాలుగు ముక్కలు ఆ వార్త కింద వేసి ఉంటే చదివినవాళ్లలో ఒక్కరికైనా పనికొచ్చేవి. "రాకాసి" అనేస్తే ఇక చేసేదేముంది, రాకాసితో ఎవరు పోరాడతారు?

రెండో సంగతి. నేనుండేది ప్రగతి నగర్‌లో. రోజూ షాపుకి వెళ్లే దారిలో ఇన్‌కాయిస్ గేటు దాటుతాను. సముద్రమే లేని మన ఊళ్లో, దేశంలోని తీరమంతటికీ అలలు, ఉప్పెనలు ఎలా ఉండబోతాయో చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. 1999లో వచ్చింది. 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా అక్కడినుంచే. ఇన్నేళ్లూ అదేదో పెద్ద ఆఫీసు అనుకుంటూ దాటిపోయాను. దాంట్లో పనిచేసే మేడమ్ ఒకావిడ నా దగ్గరే బ్లౌజులు కుట్టించుకుంటారు. కొలతలు తీస్తూ నా కథ చెబితే ఆవిడ టేపు పక్కన పెట్టించి ఫోన్‌లో చూపించారు. ఫలానా తీరం, ఫలానా గంటకు అల ఎంత ఎత్తు, ఎటునుంచి వస్తోంది, అన్నీ ముందే ఉన్నాయి. ఇక్కడ ఆకు కదలకపోయినా, ఎక్కడో దక్షిణాన వేల కిలోమీటర్ల అవతల రేగిన తుపాను అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన ఒడ్డున విరగొచ్చట. ఇంకోటి చెప్పారు. వాళ్లిచ్చే ఎత్తు అన్నిటికంటే పెద్ద అలది కాదు, వచ్చే అలలన్నిటిలో పెద్దవైన మూడో వంతు అలల ఎత్తుకు కట్టిన సగటు. మధ్యలో ఎప్పుడైనా దానికి దాదాపు రెట్టింపుది ఒకటి రావొచ్చు. అల ఎత్తు రెట్టింపైతే బలం నాలుగింతలు. "వెళ్లేముందు ఒక్క మాట అడగాల్సింది కదండీ" అన్నారు. ఏళ్లుగా ఆవిడ భుజం కొలత నాకు కంఠతా వచ్చు, ఆవిడ ఏం చేస్తారో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

చేపలు దొరికే చోట్ల సమాచారం జాలర్లకు తెలుగులోనే అందుతోంది. ఆ రోజు పడవలు ఇసుకలో ఉన్నాయంటే సముద్రం సంగతి వాళ్లకు తెలిసే కదా. తెలియనిది రైలెక్కి వచ్చిన నాకే. మీ హైదరాబాద్ ఎడిషన్‌లో రోజూ వాతావరణం గడి ఉంటుంది. హకీంపేటలో ఎంత ఎండ, సూర్యోదయం ఎప్పుడు, అన్నీ ఉంటాయి. సముద్రం ఎడిషన్‌లోనే లేదు, ఎందుకంటే మనకు సముద్రం లేదు. కానీ సముద్రంలో దిగేది మనవాళ్లే. రుషికొండకు కొండ చాటైనా ఉంది. మనకు దగ్గరని కార్లలో పోయే సూర్యలంకలో అదీ లేదు, బారెడు తిన్నటి తీరం, వచ్చే అల వచ్చినట్టే వచ్చి విరుగుతుంది.

ఆ గడిలో ఒక్క వరస చాలు. విశాఖ, సూర్యలంక, మంగినపూడి, అల ఎత్తు ఇంత, దిగొచ్చు లేదా దిగొద్దు. రోజూ కుదరదంటే శుక్రవారం పేపర్‌లో వేయండి. మనవాళ్లు గోదావరి ఎక్కేది ఆ సాయంత్రమే.

ఇట్లు,
ఒక దర్జీ,
ప్రగతి నగర్, హైదరాబాద్