ఫోనుకు ఉన్న కాపలా ఈమెయిల్‌కు ఎందుకు లేదు?

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మంగళగిరిలో చేనేత చీరలు అమ్ముతాను. కొట్టు చిన్నదే, అమ్మకాల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్ ద్వారానే జరుగుతాయి. హైదరాబాద్, బెంగళూరుతో పాటు న్యూజెర్సీ, టొరంటోలలో ఉన్న తెలుగువాళ్లు కూడా కొంటారు. కొత్త చీరలు మగ్గం దిగినప్పుడు, నెలకు ఒకటి రెండుసార్లు, అడిగినవాళ్లకు ఈమెయిల్ పంపుతాను. కాబట్టి ప్రకటనల ఈమెయిళ్లన్నీ ఆపేయమని నేను అడగడం లేదు. నా జీవనం కూడా వాటి మీదే ఆధారపడి ఉంది.

న్యూజెర్సీకి పంపే ఈమెయిల్ అడుగున నా కొట్టు చిరునామా ఉండాలి. ఇక వద్దు అనడానికి దారి చూపించాలి. వద్దన్నవాళ్ల పేరు పది పనిదినాల్లోగా తీసేయాలి. అమెరికా 2003లో చేసిన కాన్-స్పామ్ చట్టం చెప్పేది ఇదే. కెనడా ఇంకా గట్టిది. అక్కడ 2014 నుంచి ముందుగా అనుమతి ఉండాల్సిందే. అయితే విజయవాడలో ఉన్న కొనుగోలుదారుకు పంపేటప్పుడు ఇవన్నీ పాటించావా అని నన్ను అడిగే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. పరాయి దేశపు ఇన్‌బాక్స్‌కు ఉన్న మర్యాద మన ఇంటి ఇన్‌బాక్స్‌కు లేకపోవడం నన్ను బాధిస్తోంది.

ఫోను విషయంలో మనం వెనకబడి లేము. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు ఉన్నాయి. 1909కు ఫోను చేసి ప్రకటనలు వద్దని చెప్పవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు. ప్రకటన కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. కానీ అవి కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే. అదే అప్పు ప్రకటన ఈమెయిల్‌లో వస్తే అడిగే నాథుడు లేడు. అది మీ శాఖ చూడవలసిన విషయం.

మా నాన్నగారు రిటైరైన తెలుగు ఉపాధ్యాయులు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన ఫోను చూశాను. చదవని ఈమెయిళ్లు ఆరు వేల పైచిలుకు! అప్పులు, ప్లాట్లు, క్రెడిట్ కార్డులు, ఆయనకు ఏమాత్రం అక్కరలేని కోర్సులు. వాటి మధ్య ఎక్కడో, కంటి పరీక్ష వాయిదా పడిందని ఆసుపత్రి పంపిన కబురు. అది చూసుకోక ఆయన బస్సెక్కి గుంటూరు వెళ్లి, మధ్యాహ్నం దాకా కూర్చుని తిరిగి వచ్చారు. ఒక ప్రకటన అడుగున లేత బూడిద రంగులో, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో అన్‌సబ్‌స్క్రైబ్ అని ఉంది. నేనే నొక్కాను. ఫోను నంబరు ఇవ్వమంది.

ఈ చిరునామాలు ఎక్కడి నుంచి వెళుతున్నాయో కూడా ఒకసారి కళ్లారా చూశాను. లక్ష ఈమెయిల్ చిరునామాలు ఊళ్లవారీగా ఇస్తానని ఒకతను నా కొట్టుకు వచ్చాడు. నమూనాగా చూపించిన జాబితాలో నా పేరే కనిపించింది, ఒక అక్షరం తప్పుతో. ఆ తప్పు పడింది ఒక్కచోటే, ఓ దుకాణంలో బిల్లు వేసేటప్పుడు. బిల్లు కోసం ఇచ్చిన చిరునామా సరుకై నా దగ్గరికే అమ్మకానికి వచ్చింది.

అలాంటి జాబితాలు కొని పంపేవాళ్ల వల్ల మాలాంటివాళ్లమూ దెబ్బతింటున్నాం. విసిగిపోయిన మనిషి ఏది వచ్చినా స్పామ్ అని నొక్కేస్తాడు. నిజాం అంచు చీర వస్తే చెప్పమని తానే అడిగిన ఒకావిడకు నేను పంపిన కబురు స్పామ్‌లో పడి, ఆమె చూసేసరికి చీర అమ్ముడైపోయింది. పెద్ద ఎత్తున ప్రకటనల ఈమెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో విరమించుకునే వీలు కల్పించాలని గూగుల్, యాహూ 2024లో నియమం పెట్టాయి. ప్రైవేటు కంపెనీలు చేసిన పాటి పని చట్టం చేయలేదా?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మంచిదే. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటుంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువులోగా వాణిజ్య ఈమెయిళ్లకు విడిగా నియమాలు తెండి. పంపినవారి అసలు పేరు, చిరునామా తప్పనిసరి చేయండి. జాబితాలు అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ పట్టుకోండి. 1909 లాంటి ఒక్క ఫిర్యాదు చోటు చూపండి. ఒక జాగ్రత్త కూడా కోరుతున్నాను. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ చికాకు కలిగించే ఈమెయిళ్లనూ నేరమంది, చివరికి మాటలు రాసినవాళ్లను జైలుకు పంపడానికే ఎక్కువగా పేరుపడింది. సుప్రీంకోర్టు 2015లో దాన్ని కొట్టేసింది, సరైన పనే చేసింది. కొత్త నియమం వ్యాపార ప్రకటనలు దాటి అడుగు వేయకూడదు.

మరొక్క మాట. సమ్మతి కోరే విన్నపాన్ని తెలుగులో చదువుకునే వీలు ఆ డేటా రక్షణ చట్టమే కల్పించింది. విరమించుకునే బటన్ మీదా మా నాన్నగారు చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో 'ఇక పంపవద్దు' అని ఉండేలా చూడండి. నా ఈమెయిళ్లలో అది ఇప్పటికే ఉంది. గత నెల పదకొండు మంది నొక్కారు. ఆ పేర్లు అదే రోజు తీసేశాను.

ఇట్లు,
మంగళగిరి నుంచి ఒక చేనేత చీరల వ్యాపారి