మా తమ్ముడికి అండగా నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

ఈసారి మిర్చి సీజనంతా మా తమ్ముడు పనికి వెళ్లాడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ హడావుడి చూసినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది. మనసు కొన్నాళ్లు హద్దులేని ఉత్సాహంతో, కొన్నాళ్లు తీవ్రమైన కుంగుబాటుతో ఊగిసలాడే బైపోలార్ జబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికి వచ్చిన వాడు, అడ్తి దుకాణంలో మళ్లీ లెక్కలు రాస్తున్నాడు. ఇందుకు కారణమైన వారికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకుంటానంటే, పేర్లు లేకుండా రాయమన్నాడు.

ముందుగా డాక్టరు గారికి. ఆవిడ ఎప్పుడూ మా అందరికంటే ముందు వాడినే మాట్లాడనిచ్చారు. ఈ జబ్బుకు ఇచ్చే లిథియం మాత్రలు వేసుకుంటే చేతులు వణుకుతున్నాయని, ఖాతా పుస్తకంలో అంకెలు కుదురుగా పడటం లేదని, మాత్రలు మానేద్దామనుకుంటున్నానని వాడు ఆవిడతోనే చెప్పాడు. ఇంట్లో మాకెవరికీ ఆ సంగతి తెలియదు. రక్తంలో లిథియం ఎంత ఉందో పరీక్ష చేయించి ఆవిడ మోతాదు సవరించారు. వణుకు తగ్గింది, మాత్రలు కొనసాగాయి.

సోషల్ వర్కర్ మేడం గారి మేలు మరువలేను. జబ్బు తిరగబెట్టే ముందు వచ్చే గుర్తులను వాడి చేతనే రాయించారు: నిద్ర తగ్గడం, మాట వేగం పెరగడం, అప్పు చేసి వస్తువులు కొనడం. అవి కనిపిస్తే ఎవరు చెప్పాలన్నది కూడా వాడినే తేల్చుకోమన్నారు. ఇంటిల్లిపాదీ "మాత్ర వేసుకున్నావా" అని అడుగుతుంటే వాడికి ఊపిరాడేది కాదట. వాడు తన వదిన, అంటే నా భార్య పేరు చెప్పాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తన తరఫున నిలబడే ప్రతినిధిని రోగి తెల్లకాగితం మీద రాసి ఎంచుకోవచ్చు. అక్కడా వదిన పేరే రాసి సంతకం పెట్టాడు. అమ్మ నొచ్చుకుంటే మేడం ఆమెతో విడిగా కూర్చుని చాలాసేపు మాట్లాడారు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కుతున్నాను.

నిద్ర చెడితే ఈ జబ్బు తిరగబెట్టవచ్చు. ఆ మాట తమ్ముడే వెళ్లి షావుకారు గారికి వివరించాడు. రాత్రిళ్లు లారీల దగ్గర కాపలా పని వేరేవారికి అప్పగించి, వీడికి పగటి లెక్కలే ఇచ్చారాయన. జీతం తగ్గించలేదు. ఇంతటి మందు ఏ దుకాణంలో దొరుకుతుంది?

మా వీధి మందుల షాపు అన్నకు కూడా. మోకాలి నొప్పికి మాత్ర అడిగితే, లిథియం వాడుతున్నాడని గుర్తుంచుకుని, ముందు డాక్టరు గారికి ఫోను చేయించారు. ఐబుప్రోఫెన్ లాంటివి రక్తంలో లిథియాన్ని పెంచుతాయని మాకు అప్పుడే తెలిసింది. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినా అదే ప్రమాదమని, నీళ్లు బాగా తాగాలని, ఉప్పు ఉన్నట్టుండి మానేయవద్దని రక్తం తీసే సిస్టర్ వచ్చినప్పుడల్లా గుర్తుచేసేవారు.

మేము బెంబేలెత్తిన ఒక రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే, తెలుగులో నెమ్మదిగా మాట్లాడి ధైర్యం చెప్పిన ఆ గొంతు ఎవరిదో తెలియదు. అమ్మా, మీకు కూడా.

నా భార్యకు, అమ్మకు ఇంట్లోనే చెప్పుకుంటాను. మిగతా అందరికీ తమ్ముడి తరఫున, మా కుటుంబం తరఫున నమస్కారాలు.