మీరు చేస్తుంటే వస్తుంది టీచర్

తెనాలి,
25 జనవరి 2026

చిన్నీ,

నిన్న ఫోన్ మధ్యలోనే పెట్టేశావు. మళ్లీ చేద్దామనుకున్నాను. కానీ ఈ సంగతి ఫోన్‌లో మాట్లాడితే నువ్వు ఏడుస్తావు, నేను సలహాలు దంచుతాను, మధ్యలో మీ నాన్న "అన్నం తిన్నదా అడుగు" అంటారు. అందుకే కాగితం తీశాను. ఇది మాచర్ల చేరేసరికి నీ కోపమూ తగ్గుతుంది.

సెలవులకు ముందు స్లిప్ టెస్టులో తీసివేతలకు నీ మూడో తరగతి పిల్లల్లో దాదాపు అందరికీ ఇరవైకి ఇరవై వచ్చాయన్నావు. పండగ వెళ్లాక అవే లెక్కలిస్తే 52లోంచి 27 తీసేసి 35 అని రాశారు. "నాకు చెప్పడం రాదేమో అమ్మా" అన్నావు. 16,347 పోస్టుల డీఎస్సీలో గట్టెక్కి, బడిలో చేరి నాలుగు నెలలైనా కాలేదు, అప్పుడే ఈ అనుమానమా అని నవ్వొచ్చింది. నాకు అది రావడానికి పదకొండేళ్లు పట్టింది మరి.

అప్పట్లో ఏడో తరగతికి భిన్నాలు చెప్పేదాన్ని. నా బోర్డు చూడాలి నువ్వు! రంగు సుద్దముక్కలు, గీత కొట్టినట్టు అంకెలు. "అర్థమైందా?" అంటే "అర్థమైంది టీచర్" అని గది దద్దరిల్లేది. దసరా సెలవుల తర్వాత 1/2, 1/3 కూడమంటే 38 మందిలో ముప్పై మంది దాకా 2/5 అన్నారు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుందిరా అని అరిచాను. ఒకడు లేచి, "మీరు చేస్తుంటే వస్తుంది టీచర్. మీరు లేకపోతే రాదు" అన్నాడు. ఎదురు చెప్పాడని గోడ కుర్చీ వేయించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, హాయిగానే పడుకున్నాను.

ఆ మాట నాకు తగిలింది రెండేళ్ల తర్వాత, ఒక ధనుర్మాసంలో, నీ వల్ల. నేను మెలికల ముగ్గు వేస్తుంటే పక్కన చతికిలబడి చూసి, "నాకొచ్చేసింది" అన్నావు. పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది దాకా పెట్టిచ్చి లోపలికెళ్లాను. వచ్చి చూస్తే మూడో వరుసలోనే చిక్కుపడి కూర్చున్నావు. నువ్వు అబద్ధం చెప్పలేదు. చూసినంతసేపూ నీకు నిజంగా వచ్చినట్టే ఉంది.

దీన్ని లెక్కగట్టి చూపించినవాళ్లు ఉన్నారని రిటైరయ్యాకే తెలిసింది. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు. కొందరు కాగితం మూసేసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: వీళ్లకు 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 42 మిగిలింది, రాసినవాళ్లకు 56. ఇది 2006 నాటి మాట. నీ స్లిప్ టెస్టు ఆ అయిదో నిమిషంలో పెట్టింది, అంతే. కాలేజీ వాళ్ల లెక్క మూడో తరగతికి అచ్చుగుద్దినట్టు సరిపోతుందని నేననను. కానీ నా ముప్పై ఏళ్లలో చూసింది దీనికి దగ్గరగానే ఉంది.

ఇంకో సంగతి నిన్ను ఇబ్బంది పెడుతుంది కాబట్టి ముందే చెప్తున్నా. హార్వర్డ్‌లో ఫిజిక్స్ పిల్లలకు ఒకే పాఠాన్ని రెండు రకాలుగా చెప్పి చూశారు, 2019లో అచ్చయింది. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు "బాగా నేర్చుకున్నాం" అన్నారు. గుంపులుగా కూర్చుని లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లు "ఏమో, సరిగా రాలేదు" అన్నారు. పరీక్షలో ఎక్కువ మార్కులు కుస్తీ పట్టినవాళ్లకే! కాబట్టి నీ పిల్లలు మొహం చిట్లించుకుంటే కంగారుపడి బోర్డు దగ్గరకు పరిగెత్తకు. నీ క్లాసులో గోల ఎక్కువని మీ హెచ్ఎం గారు అన్నారని బాధపడ్డావు. ఆయనతో వాదన పెట్టుకోకు. ఒకరోజు ఆయన్నే పిలిచి, పిల్లల్ని అడగమను.

ఇప్పుడు ఆ 35 దగ్గరికి వద్దాం. అది అజాగ్రత్త కాదే. ఏడులోంచి రెండు పోతే అయిదు, అయిదులోంచి రెండు పోతే మూడు. ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని వాళ్లే ఒక సూత్రం కట్టుకున్నారు. దాని మీద ఎర్ర ఇంకుతో ఇంటూ పెడితే ఆ సూత్రం చెక్కుచెదరదు. "ఎలా చేశావు, చెప్పు" అని అడుగు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించి, అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికివ్వు. ఏడు ఇవ్వాలంటే కట్ట విప్పక తప్పదని వాడికే తెలుస్తుంది. "అప్పు తెచ్చుకోవడం" అనే మాట ఆ తర్వాత చెప్పు.

పేజీ నిండా తీసివేతలే ఇవ్వడం కూడా మానెయ్. గుర్తు చూడకుండానే తీసేస్తారు. రాత లెక్కల్లో "మొత్తం" అంటే కూడిక, "మిగిలినవి" అంటే తీసివేత అని చిట్కాలు నేర్పడం నేనూ చేశాను, తప్పు చేశాను. "రాము దగ్గర 8 జామకాయలున్నాయి, సీత కంటే 3 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?" అని అడిగి చూడు. "ఎక్కువ" కనబడగానే 11 అంటారు.

అలాగని ఎక్కాలు మానకు. బట్టీ అంటే ఇప్పుడు అందరూ మొహం తిప్పుకుంటున్నారు గానీ, ఏడు ఎనిమిదులు ఎంతో వేళ్ల మీద వెతుక్కునేవాడికి భాగహారంలో బుర్ర మిగలదు. నాకు నచ్చనిది అందరిచేత ఒకే గొంతుతో చదివించడం. ఆ పాటలో పెదాలు మాత్రమే ఆడించేవాళ్లను నువ్వు కనిపెట్టలేవు. అదే పలకలిచ్చి, ఆ జవాబు రాసి ఒక్కసారే పైకెత్తమను. ఎవరికి రాలేదో అరనిమిషంలో తేలుతుంది.

మూడు తరగతులు ఒకే గదిలో అన్నావు. తరగతి వారీగా కాకుండా వచ్చినంత వారీగా కూర్చోబెట్టు. ఒకరోజు కూర్చుని ఎవరు ఎక్కడున్నారో చూడు: అంకెలు గుర్తుపట్టేవాళ్లు, కూడిక వచ్చినవాళ్లు, తీసివేత వచ్చినవాళ్లు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ ఊరూరా చేసింది ఇదే. 2019లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో ఏళ్ల తరబడి పరీక్షించి చూసిన పద్ధతుల్లో ఇదొకటి. అంత దూరం ఎందుకు, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లెటూరి బడుల కోసం చేసిన కార్డుల పెట్టె ఒకసారి శిక్షణలో చూశాను. ఎవరి మెట్టు వాళ్లదే, ఎవరి వేగం వాళ్లదే. అయిదో తరగతి వాడు మూడో తరగతి వాళ్లతో కూర్చోవడానికి సిగ్గుపడతాడు, అది మాత్రం చూసుకో. వాడిచేత పుల్లల కట్టలు కట్టించు, పెద్దరికం ఇచ్చినట్టుంటుంది.

రోజూ బడి మొదట్లో అయిదు నిమిషాలు నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి అడుగు. మార్కులొద్దు, పుస్తకం తెరవొద్దు. ముందు నీకే దిగులు పుడుతుంది, చెప్పిందంతా ఏమైపోయిందా అని. ఓ నెల ఓపిక పట్టు.

శనివారం మీ బాబాయి మాచర్ల వస్తున్నాడు. ఇరవై అయిదు పలకలు, బలపాల డబ్బా, ఉసిరికాయ పచ్చడి పంపిస్తున్నాను. పలకలు మాత్రం లెక్కపెట్టి తీసుకో, వాడు బస్సులో ఏదో ఒకటి మర్చిపోతాడు.

అమ్మ