ఫిబ్రవరిలో గుల్మార్గ్ మంచుకి

అన్నలూ, అక్కలూ, నమస్తే. రోజూ పొద్దున్నే మైపాడు ఇసుకలో నడిచే మనం ఈసారి మంచు మీద జారబోతున్నాం. కశ్మీర్‌లోని గుల్మార్గ్ 2,600 మీటర్ల ఎత్తు పైనే ఉంటుంది, అందుకని వెళ్ళిన రోజు విశ్రాంతి.

స్కీయింగా, స్నోబోర్డా అని చాలామంది అడిగారు. కొత్తవాళ్ళకి స్కీయింగే మేలంటాను. స్నోబోర్డులో రెండు కాళ్ళూ ఒకే పలకకి బిగించి ఉంటాయి, మొదటి రెండు రోజులు పడటం, లేవటంతోనే సరిపోతుంది. స్కీలైతే ఒక్కో కాలికి ఒక్కో పొడవాటి పలక, వాటి ముందు కొసలు దగ్గరికి తెచ్చి, మడమలు దూరంగా నెడితే వేగం తగ్గుతుంది. భయమేస్తే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, అదే ప్రమాదం. కాలి ముందెముక బూటుకి గట్టిగా ఆనేలా మోకాళ్ళు వంచాలి. పోయినేడు అది పట్టుబడిన క్షణాన నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఆడిన ఒకే ఒక్కడు ఆరిఫ్ ఖాన్ ఆ కొండల్లోనే స్కీయింగ్ నేర్చుకున్నాడు.

స్కీలు, బూట్లు అక్కడే అద్దెకి దొరుకుతాయి. ఉన్ని సాక్సులు కొనుక్కోండి, నూలువి తడిస్తే ఆరవు. ఇవాళ్టి నుంచే గోడకుర్చీ మొదలుపెట్టండి, తొడలకి బలం వస్తుంది. వచ్చేవాళ్ళు ఆదివారంలోపు పేర్లు పెట్టండి, నెల్లూరు నుంచి ఢిల్లీకి రైలు టికెట్లు తియ్యాలి.