మౌత్‌పీస్ మీద అంకె చూసి ఇక అమ్మను

విజయనగరం, శ్రీకాకుళం బ్యాండు మేళాల సోదరులకు నమస్కారం.

గత పెళ్ళిళ్ళ సీజన్‌లో మా దుకాణంలో ట్రంపెట్ మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే ముక్క) కొన్నవారిలో కొందరికి నేను తప్పు సైజు ఇచ్చాను. సరుకులో లోపం లేదు, తప్పు నాదే.

శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అన్నగారు తన బాక్ కంపెనీ 7సి మౌత్‌పీస్ చూపించి, ఇంతకంటే కాస్త వెడల్పుది కావాలన్నారు. అంకె తగ్గితే పెదవులు ఆనే గిన్నె వెడల్పవుతుందని మా నాన్నగారు నేర్పిన లెక్క. అదే నమ్మి, యమహా కంపెనీవాటిలో చిన్న అంకె ఉన్నది చేతిలో పెట్టాను. రెండు ఊరేగింపులు కాగానే ఆయన తిరిగి వచ్చారు. పై పెదవి మీద ఎర్రగా, గుండ్రంగా గాటు పడి ఉంది. అది చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బాక్‌లో 1సి గిన్నె వెడల్పు 17 మిల్లీమీటర్లు, 7సి 16.20. యమహాలో అంకెతోపాటు గిన్నె పెరుగుతుంది: 11బి4 16.46, 14బి4 16.87. అక్షరాలూ తలకిందులే. బాక్‌లో ఎ అంటే బాగా లోతు, యమహాలో ఎ అంటే లోతు తక్కువ.

అరిగిపోయిన ముద్రలతో ఇంకో చిక్కు. ఏళ్ళ తరబడి పాలిష్ పెట్టి రుద్దితే 7సిలో సి చెరిగి 7 మిగులుతుంది. బాక్‌లో అక్షరం లేని 7 వేరే రకం, దాని గిన్నె 7సి కంటే లోతు. పై స్థాయి స్వరాలకు ఊపిరి ఎక్కువ పడుతుంది. పాత వాటిమీద ఊరి పేరు కూడా చెక్కి ఉంటుంది. బాక్ కంపెనీ 1953లో న్యూయార్క్ నుంచి మౌంట్ వెర్నన్‌కు మారింది, 1961లో సెల్మర్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. మౌంట్ వెర్నన్ అని ఉన్నది మీ ఇంట్లో ఉంటే తూకానికి అమ్మకండి, ముందు నాకు చూపించండి.

ఇకనుంచి ప్రతి మౌత్‌పీస్‌నూ మీ ఎదుటే వెర్నియర్ కొలబద్దతో కొలిచి ఇస్తాను. సైజు నప్పనివారు పైడితల్లి సిరిమానోత్సవం లోపు తెచ్చి మార్చుకోవచ్చు, ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. మీరు ఇంతకాలం వాయించిన పాతదాన్ని కూడా వెంట తీసుకురండి. దాన్ని మాత్రం తోమకుండా తెండి.